గర్భంతో ఉండగా థైరాయిడ్ క్యాన్సర్ అని తేలితే: ఆపరేషన్ ఎప్పుడో ఎలా తేల్చుకోవాలి

కడుపుతో ఉన్న మనిషికి మెడలో గడ్డ క్యాన్సర్ అని రిపోర్టు వస్తే ఇంట్లో రెండు రకాల మాటలు మొదలవుతాయి. రేపే తీయించేయండి అంటారు ఒకరు. కాన్పు అయ్యేదాకా దాని ఊసే ఎత్తొద్దంటారు ఇంకొకరు. ఇద్దరివీ ప్రేమతో అనే మాటలే. కానీ థైరాయిడ్ విషయంలో ఈ రెండూ చాలాసార్లు తప్పు దారే. ఎక్కువమందికి ఆగడమే మంచిది. అయితే ఆ ఆగడానికి తారీఖులు ఉండాలి, కొలతలు ఉండాలి, ఏ కొలత దాటితే ఏం చేయాలో ముందే మాట్లాడుకుని ఉండాలి. "చూద్దాంలెండి" అని వదిలేసిన నిరీక్షణ వేరు, క్యాలెండర్ మీద రాసుకున్న నిరీక్షణ వేరు. మీరు రెండోదే అడిగి తీసుకోవాలి. అదెలాగో వరసగా చెబుతాను. తుది మాట మిమ్మల్ని చూస్తున్న డాక్టర్లదే. వాళ్ల ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో, చెప్పేది ఎందుకు చెబుతున్నారో మీకు తెలిసి ఉండాలన్నదే నా ఆరాటం.

ముందు ఒక భయం తీసేయాలి. తల్లి థైరాయిడ్ క్యాన్సర్ కడుపులో బిడ్డకు పాకుతుందేమోనని చాలామంది లోలోపల కుమిలిపోతారు, బయటికి అడగరు. తల్లి క్యాన్సర్ ఏదైనా సరే బిడ్డకు చేరడం అత్యంత అరుదు. థైరాయిడ్ క్యాన్సర్ విషయంలో దాన్ని లెక్కలోకి తీసుకుని నిర్ణయాలు చేయరు. అలాగే, మామూలుగా కనబడే రకాలకు గర్భం తీయించుకోవాల్సిన పని లేదు. ఆ సలహా ఎవరైనా ఇస్తే ఇంకో ఎండోక్రైనాలజిస్ట్‌ను (హార్మోన్ల జబ్బుల డాక్టరును) కలవకుండా ఒప్పుకోకండి.

మొదటి మెట్టు: ఏ రకమో తేల్చుకోండి

"క్యాన్సర్" అన్న ఒక్క మాట మీద ఆపరేషన్ తేదీ నిర్ణయం కాదు, రకం మీద అవుతుంది. కాబట్టి రిపోర్టు చేతికి రాగానే మొదటి ప్రశ్న ఇది: "ఇది పాపిల్లరీనా, ఫాలిక్యులరా, మెడుల్లరీనా?"

థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువ భాగం పాపిల్లరీ రకమే. నెమ్మదిగా పెరుగుతుంది, వయసులో ఉన్నవాళ్లలో చికిత్సకు బాగా లొంగుతుంది. 2018 నుంచి వాడుకలో ఉన్న స్టేజీల పద్ధతి ప్రకారం 55 ఏళ్లలోపు వాళ్లలో పాపిల్లరీ, ఫాలిక్యులర్ రకాలు ఊపిరితిత్తులు, ఎముకల వంటి దూరపు చోట్లకు పాకకపోతే, మెడ గ్రంథుల్లో (మెడలోని లింఫ్ గ్రంథుల్లో) ఉన్నా సరే మొదటి స్టేజీ కిందికే వస్తాయి. గర్భిణులంతా దాదాపు ఈ వయసు వాళ్లే కాబట్టి ఈ సంగతి మీకు నేరుగా వర్తిస్తుంది.

సూది పరీక్ష, అంటే ఎఫ్‌ఎన్‌ఏసీ, గర్భంలో ఏ నెలలోనైనా చేయించుకోవచ్చు. సన్నని సూదితో మెడలోంచి కాసిని కణాలు తీస్తారు, బిడ్డకు దానితో సంబంధం లేదు. రిపోర్టులో బెథెస్డా అని 1 నుంచి 6 వరకు ఒక అంకె ఉంటుంది. 6 అంటే క్యాన్సర్. 5 అంటే గట్టి అనుమానం. 3, 4 అంటే ఇటూ అటూ తేల్చలేనివి. ఈ 3, 4 వచ్చినవాళ్లకు మెడ గ్రంథుల్లో ఏమీ లేకపోతే గర్భంలో మామూలుగా ఆపరేషన్ చేయరు. కాన్పు దాకా చూసి, ఆ తర్వాతే మళ్లీ ఆలోచిస్తారు. ఇలాంటి రిపోర్టు పట్టుకుని రాత్రులు నిద్ర మానుకోవద్దు.

మెడుల్లరీ అయితే కథ మారుతుంది. అది రేడియో అయోడిన్‌కు (ఆపరేషన్ తర్వాత మిగిలిన థైరాయిడ్ కణాలను చంపే రేడియోధార్మిక మందుకు) లొంగదు, మెడ గ్రంథులకు తొందరగా పాకుతుంది, ఆపరేషనే దానికి అసలు మందు. అందుకే మెడుల్లరీ అని తేలితే రెండో త్రైమాసికంలోనే తీసేయడం గురించి గట్టిగా ఆలోచిస్తారు. అయితే కత్తి పట్టే ముందు తప్పనిసరిగా జరగాల్సిన పని ఒకటుంది. ఈ రకం ఉన్న కొందరికి అడ్రినల్ గ్రంథిలో ఫియోక్రోమోసైటోమా అనే మరో గడ్డ ఉండవచ్చు. దాన్ని కనిపెట్టకుండా మత్తు ఇస్తే బీపీ ప్రాణాంతకంగా ఎగిసిపోతుంది. రక్తంలోనో మూత్రంలోనో మెటానెఫ్రిన్ల పరీక్షతో అది ఉందో లేదో తెలుస్తుంది. "మెటానెఫ్రిన్స్ చూశారా?" అని మీరే అడగండి. రెట్ అనే జన్యువు పరీక్ష కూడా అడగండి. అందులో లోపం ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం, పుట్టాక బిడ్డను ఎప్పుడు పరీక్షించాలో ముందే ప్లాన్ చేసుకోవచ్చు.

అనాప్లాస్టిక్ అనే రకం పెద్ద వయసువాళ్లలో వచ్చేది, గర్భిణుల్లో దాదాపు కనబడదు. వస్తే మాత్రం ఆగడమన్న మాటే ఉండదు.

రెండో మెట్టు: వారాలు సరిగ్గా లెక్కపెట్టించుకోండి

నెలల లెక్క ఇక్కడ పనికిరాదు, వారాల లెక్క కావాలి. మొదటి మూడు నెలల్లో చేసిన స్కాన్‌లో ఇచ్చిన ప్రసవ తేదీని బట్టి ఇవాళ్టికి ఎన్ని వారాలో రాసుకోండి. ఇద్దరు డాక్టర్లు రెండు వేర్వేరు లెక్కలతో మాట్లాడుకుంటే నష్టపోయేది మీరే. గైనకాలజిస్ట్ చెప్పిన లెక్కే సర్జన్ కాగితం మీద కూడా ఉండేలా చూసుకోండి.

మొదటి 13 వారాల్లో బిడ్డ అవయవాలు ఏర్పడుతుంటాయి, గర్భస్రావం భయం కూడా ఆ రోజుల్లోనే ఎక్కువ. ప్రాణం మీదికి వస్తే తప్ప అప్పుడు ఆపరేషన్ పెట్టుకోరు. చివరి మూడు నెలల్లో నొప్పులు ముందే వచ్చి నెలలు నిండని కాన్పు అయ్యే ప్రమాదం ఉంటుంది. మధ్యలో 14వ వారం నుంచి 24, మహా అయితే 26వ వారం దాకా ఉన్న సమయమే గర్భంలో థైరాయిడ్ ఆపరేషన్‌కు అనువైనది. ఈ కిటికీ మూసుకుపోతే తర్వాతి ఆపరేషన్ మామూలుగా కాన్పు అయ్యాకే.

దీన్నిబట్టి ఒక ముఖ్యమైన విషయం అర్థమవుతుంది. 22వ వారంలో మొదటిసారి సర్జన్ దగ్గరికి వెళితే పరీక్షలు, రెండో అభిప్రాయం, థియేటర్ తేదీ అన్నీ కుదిరేసరికి కిటికీ మూసుకుపోవచ్చు. 10వ వారంలో గడ్డ తెలిసినవాళ్లు 12, 13 వారాలకల్లా సర్జన్‌తో ఒకసారి మాట్లాడి ఉంచుకోవాలి. ఆపరేషన్ చేయించుకోవడానికి కాదు, కావాల్సి వస్తే దారి సిద్ధంగా ఉండడానికి.

24 వారాలు దాటాక రోగం బయటపడిందా? పాపిల్లరీ రకమైతే, గడ్డ గొంతును నొక్కకపోతే, కాన్పు తర్వాత చేయించుకోవడమే సాధారణంగా మంచి దారి. ఆలస్యమైపోయిందని ఏడవాల్సిన పని లేదు. 1997లో మూసా, మజ్జఫెర్రి అనే ఇద్దరు వైద్యులు గర్భంలో ఈ రకం క్యాన్సర్లు బయటపడిన 61 మంది ఆడవాళ్లను, అదే వయసులో గర్భం లేకుండా ఈ జబ్బు వచ్చిన వాళ్లతో పోల్చి చూశారు. ఆ 61 మందిలో ఎక్కువమందికి ఆపరేషన్ కాన్పు తర్వాతే జరిగింది. అయినా ఏళ్ల తరబడి గమనించినప్పుడు ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఈ నమ్మకం మీదే నిలబడ్డాయి.

మూడో మెట్టు: కొలతలు మీ చేతిలో పెట్టుకోండి

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే, ఎక్కువ నిర్లక్ష్యం జరిగేదీ ఇక్కడే.

మొదటి మెడ అల్ట్రాసౌండ్ రిపోర్టులో గడ్డ పొడవు, వెడల్పు, లోతు మూడూ మిల్లీమీటర్లలో రాసి ఉండాలి. ఒకే అంకె ఉంటే వెనక్కి వెళ్లి మూడూ రాయించుకోండి. మెడకు రెండు పక్కలా, మధ్యలో లింఫ్ గ్రంథులు చూశారా లేదా అన్నది కూడా రాసి ఉండాలి. గ్రంథుల ప్రస్తావనే లేని రిపోర్టు సగం రిపోర్టు. గడ్డ శ్వాసనాళానికి గానీ, వెనక స్వరతంతువుల నరం పోయే చోటికి గానీ ఆనుకుని ఉందేమో అడగండి. చిన్న గడ్డయినా అక్కడుంటే లెక్క వేరు.

ఆ తర్వాత ప్రతి త్రైమాసికంలో ఒకసారైనా స్కాన్ చేయాలి. వీలైతే అదే సెంటర్‌లో, అదే డాక్టర్ చేత చేయించండి. కొలిచే చెయ్యి మారితే ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా మామూలుగానే వస్తుంది. అది పెరుగుదల కాదు. గర్భంలో పెరిగే హెచ్‌సీజీ హార్మోన్ థైరాయిడ్‌ను కూడా కొంత ప్రేరేపిస్తుంది కాబట్టి మామూలు గడ్డలు సైతం కాస్త ఉబ్బవచ్చు.

మరి ఎంత పెరిగితే పెరిగినట్టు? వైద్యులు వాడే కొలబద్ద ఇది: మూడు కొలతల్లో కనీసం రెండు 20 శాతం చొప్పున పెరగాలి, లేదా మొత్తం ఘనపరిమాణం 50 శాతం మించి పెరగాలి. లెక్క మీరే వేసుకోవచ్చు. మూడు కొలతలనూ గుణించి, వచ్చినదాన్ని 0.52తో గుణించండి. ఉదాహరణకు 11వ వారంలో గడ్డ 12, 10, 8 మిల్లీమీటర్లు ఉందనుకోండి. గుణిస్తే 960, దాన్ని 0.52తో గుణిస్తే సుమారు 499 ఘన మిల్లీమీటర్లు, అంటే అర మిల్లీలీటరు. 20వ వారంలో అది 13, 11, 8 అయితే సుమారు 595. పెరిగింది 19 శాతం, ఒక్క కొలత కూడా 20 శాతం దాటలేదు. దీన్ని పెరుగుదల అనరు. అదే 15, 12, 10 అయితే సుమారు 936. ఘనపరిమాణం 87 శాతం పెరిగింది, కొలతలు 25, 20, 25 శాతం చొప్పున పెరిగాయి. ఇప్పుడు సర్జన్‌తో కూర్చోవాలి. స్కాన్ గదిలో "కొంచెం పెరిగిందండీ" అన్న మాటకు గుండె జారిపోయే ముందు ఈ లెక్క వేయండి. "పెద్దగా ఏం లేదులెండి" అన్న మాటకు సంబరపడే ముందు కూడా వేయండి.

ఇక ఈ స్కాన్ ఎప్పుడు? త్రైమాసికానికి ఒకటని వదిలేస్తే రెండో స్కాన్ 26వ వారంలో పడే ప్రమాదం ఉంది. అప్పుడు పెరిగిందని తెలిసి లాభం లేదు, కిటికీ మూసుకుంటూ ఉంటుంది. నిర్ణయం తీసుకునే స్కాన్ 18 నుంచి 20 వారాల మధ్య పడేలా ఇవాళే తేదీ రాయించుకోండి. మొత్తం వ్యాసంలో ఒక్క పనే చేస్తానంటే ఇది చేయండి.

నాలుగో మెట్టు: ఆగమనే కారణాలు, ఆగొద్దనే కారణాలు

పాపిల్లరీ రకం, గడ్డ థైరాయిడ్ గ్రంథి లోపలే ఉంది, మెడ గ్రంథులు శుభ్రంగా ఉన్నాయి, 20వ వారానికి నిలకడగా ఉంది అంటే ఆగండి. కాన్పు తర్వాత చూసుకుందాం. ఒక సెంటీమీటరు కన్నా చిన్నవైతే మరీ నిశ్చింతగా. జపాన్‌లోని కోబెలో కుమా ఆసుపత్రి 1993 నుంచి ఇలాంటి చిన్న పాపిల్లరీ గడ్డలను ఆపరేషన్ లేకుండా గమనిస్తూ వస్తోంది. అలా గమనిస్తుండగా గర్భం దాల్చిన ఆడవాళ్లలో కూడా ఎక్కువమందికి గడ్డ పెరగలేదు.

గడ్డ పైన చెప్పిన లెక్క ప్రకారం 24 నుంచి 26 వారాల లోపు పెరిగిందనుకోండి, లేదా మెడ గ్రంథిలో సూది పెట్టి చూస్తే అందులోనూ క్యాన్సర్ కణాలు దొరికాయనుకోండి. అప్పుడు రెండో త్రైమాసికంలో ఆపరేషన్ గురించి ఆలోచించాలి. ఇక్కడ "ఆలోచించాలి" అన్నది తూచి వాడిన మాట. ఒక చిన్న గ్రంథిలో కాసిని కణాలున్న మనిషికీ, మెడ పక్కల పెద్ద గ్రంథులు ఉన్న మనిషికీ ఒకే జవాబు ఉండదు. కాన్పుకు ఇంకా ఎన్ని వారాలుందో, సర్జన్ చేతి అనుభవమెంతో, గర్భంలో ఇతర చిక్కులున్నాయో లేవో అన్నీ తూకంలోకి వస్తాయి. గ్రంథుల్లో ఉందని తెలిశాక కూడా కాన్పు దాకా ఆగమని అనుభవమున్న డాక్టరు కారణాలు చెప్పి అంటే అది నిర్లక్ష్యం కాదు.

కొన్ని లక్షణాలు మాత్రం స్కాన్ తేదీ కోసం ఆగవు: పీల్చేటప్పుడు గురక లాంటి చప్పుడు, పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, మింగడం కష్టమవడం, కొత్తగా గొంతు బొంగురుపోయి తగ్గకపోవడం, వారాల్లోనే కంటికి కనబడేంత పెరగడం. వీటిలో ఏది కనబడినా అదే రోజు వెళ్లండి. ఊపిరి దారి నొక్కుకుపోతుంటే ఎన్నో వారమన్నది చూడకుండా ఆపరేషన్ చేస్తారు.

ఐదో మెట్టు: ఆగుతున్నన్నాళ్లూ టీఎస్‌హెచ్

క్యాన్సర్ అని తేలి ఆపరేషన్ వాయిదా పడినవాళ్లలో, థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోనైన టీఎస్‌హెచ్ 0.3 నుంచి 2.0 మధ్య ఉండేలా చూస్తారు. అంతకన్నా ఎక్కువుంటే థైరాక్సిన్ మాత్ర, అంటే థైరాయిడ్ హార్మోన్ మాత్ర, ఇస్తారు. టీఎస్‌హెచ్ గడ్డను పెరగమని ప్రేరేపిస్తుంది కాబట్టి ఈ జాగ్రత్త. అంతకుమించి మరీ కిందికి నొక్కేయడం వల్ల తల్లికి గుండెదడ తప్ప లాభం లేదు. సగం గర్భం దాకా 4 వారాలకోసారి, తర్వాత 30వ వారం దగ్గర మరోసారి రక్తం ఇవ్వాలి. మాత్ర పరగడుపున వేసుకోండి. గర్భంలో అందరికీ ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలు దీనితో కలిస్తే ఇది ఒంటికి పట్టదు, మధ్యలో 4 గంటల ఎడం ఉంచండి.

ఆపరేషన్ తప్పదని తేలితే

సర్జన్‌ను ఎంచుకోవడం దగ్గర మొహమాటపడకండి. థైరాయిడ్ ఆపరేషన్లు తరచూ చేసే చేతుల్లోనే ఇది జరగాలి. 2009లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో గర్భిణులకు ఈ ఆపరేషన్ల తర్వాత చిక్కులు మిగతా ఆడవాళ్ల కన్నా ఎక్కువగా కనబడ్డాయి. అనుభవమున్న సర్జన్ల చేతుల్లో అవి తగ్గాయి. కాన్పుల విభాగం, పసిపిల్లల ఐసీయూ అదే ఆవరణలో ఉన్న ఆసుపత్రి అయితే ఇంకా మంచిది.

తర్వాత అడగాల్సింది, థైరాయిడ్ గ్రంథి సగం తీస్తారా మొత్తం తీస్తారా అని. ఒక పక్కే ఉన్న, 4 సెంటీమీటర్లలోపు, మెడ లింఫ్ గ్రంథులకు పాకని గడ్డకు సగం తీయడం సరిపోవచ్చు. గర్భంలో దీనికి ఎక్కువ విలువ ఉంది. మొత్తం తీస్తే పక్కనే ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిని కాల్షియం పడిపోవచ్చు. పెదవుల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి, చేతులు కొంకర్లు పోవడం దాని గుర్తులు. బాగా పడిపోతే గర్భాశయం కూడా బిగుసుకోవడం మొదలుపెట్టవచ్చు, అందుకే తిమ్మిరి రాగానే నర్సుకు చెప్పాలి, తెల్లారాక చెబుదామని ఊరుకోకూడదు.

మత్తు బిడ్డకు ఏం చేస్తుందోనన్నది ప్రతి తల్లి ప్రశ్న. ఇప్పుడు వాడే మత్తుమందులు మామూలు మోతాదుల్లో బిడ్డకు అవయవ లోపాలు కలిగిస్తాయని రుజువు కాలేదు. బిడ్డకు నిజంగా కావాల్సింది తల్లి ఆక్సిజన్, బీపీ నిలకడగా ఉండడం, మత్తు డాక్టర్ కళ్లు వాటి మీదే ఉంటాయి. గర్భాశయం పెద్దనాళాలను నొక్కకుండా మిమ్మల్ని కొద్దిగా ఎడమ పక్కకు వాల్చి పడుకోబెడతారు. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా బిడ్డ గుండె చప్పుడు చూస్తారు. ఇవన్నీ జరుగుతాయా అని ముందు రోజే అడిగి తెలుసుకోండి. నొప్పికి పారాసిటమాల్ వాడవచ్చు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వద్దు, ముఖ్యంగా 20 వారాలు దాటాక.

మొత్తం గ్రంథి తీశాక థైరాక్సిన్ వెంటనే మొదలవ్వాలి. ఒక్క వారం కూడా ఆలస్యం కాకూడదు, ఎందుకంటే గర్భం మొదటి సగంలో బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ప్రధాన ఆధారం. డిశ్చార్జి కాగితంలో మోతాదు, మళ్లీ టీఎస్‌హెచ్ చూడాల్సిన తేదీ రెండూ ఉన్నాయో లేదో చూసి గానీ ఆసుపత్రి గడప దాటకండి.

కాన్పు తర్వాతకు వాయిదా వేసినవాళ్లు

రోగం తేలిన ఏడాది లోపు ఆపరేషన్ జరిగితే ఆలస్యం వల్ల నష్టం లేదన్నది ఇప్పటిదాకా ఉన్న అవగాహన. ఆ ఏడాది లెక్క సూది పరీక్ష రిపోర్టు తేదీ నుంచి మొదలవుతుంది, కాన్పు నుంచి కాదు. బాలింత పనుల్లో పడి ఈ సంగతి మరుగున పడడం చాలా సులువు. అందుకే ఎనిమిదో నెలలోనే సర్జన్ అపాయింట్‌మెంట్ తీసి, ఆ తేదీ ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి. ఆపరేషన్ రోజు కోసం ముందే కాసిని పాలు పిండి దాచుకోండి. మత్తు దిగి పూర్తిగా మెలకువ వచ్చాక పాలివ్వవచ్చు.

రేడియో అయోడిన్ మాత్రం వేరే సంగతి. గర్భంలో అది ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వరు. బిడ్డ థైరాయిడ్ 10, 12 వారాల నుంచే అయోడిన్‌ను పట్టుకోవడం మొదలుపెడుతుంది కాబట్టి అది ఆ గ్రంథినే నాశనం చేస్తుంది. పాలిచ్చేటప్పుడూ ఇవ్వరు. పాలు పూర్తిగా మాన్పించి కనీసం 6 నుంచి 8 వారాలు గడిచాకే ఇస్తారు, కొందరు 3 నెలలు ఆగమంటారు, ఆ తర్వాత ఆ బిడ్డకు మళ్లీ పాలు పట్టకూడదు. ప్రమాదం తక్కువున్న చాలామందికి ఈ మందు అసలు అవసరమే పడదు. కాబట్టి పాలు మాన్పించే ముందు "నాకు ఇది నిజంగా కావాలా, కొన్ని నెలలు ఆలస్యమైతే ఏమవుతుంది?" అని తప్పకుండా అడగండి. తీసుకున్నవాళ్లు మళ్లీ గర్భం కోసం కనీసం 6 నెలలు ఆగాలి. ఆ గర్భం నిలిచిందని తెలిసిన రోజే టీఎస్‌హెచ్ చూపించుకుని, థైరాక్సిన్ మోతాదు పెంచాలేమో డాక్టరుకు ఫోన్ చేసి కనుక్కోండి.